జిమ్ ప్రింటౌట్ వెనక 190 ఏళ్ల కథ

ఈ ఎపిసోడ్ ఒక కాగితం గురించి.

జిమ్‌లో జాయిన్ అయిన రోజు ఒకసారి, నెల తిరిగాక ఇంకోసారి, చెప్పులు విప్పించి మిమ్మల్ని ఒక మిషన్ మీద నిలబెడతారు. రెండు చేతుల్తో రెండు హ్యాండిళ్లు పట్టుకోమంటారు. కాసేపట్లో ప్రింటౌట్ వస్తుంది. బరువు ఇంత, కొవ్వు ఇంత శాతం, కండ ఇన్ని కిలోలు. పాయింట్ తర్వాత ఒక అంకెతో సహా!

ఇక్కడ చాలామందికి వచ్చే డౌట్ ఒకటే. నెల రోజులు ఒళ్లు హూనమయ్యేలా వెయిట్స్ ఎత్తాను, బరువు కిలోన్నర పెరిగింది, కొవ్వు శాతం కూడా పెరిగిందని మిషన్ చెబుతోంది. ఇంట్లో వాళ్లేమో "డబ్బులు కట్టి మరీ లావవుతున్నావా" అంటున్నారు. మానేయాలా?

మానేయొద్దు. ఎందుకో తెలియాలంటే ఆ కాగితం మీది అంకెలు ఎక్కడ పుట్టాయో చూడాలి. ముందే ఒక మాట చెప్పేస్తాను. ఆ మిషన్ మీ కండని కొలవదు. మీ కొవ్వునీ కొలవదు. ఇంకేదో కొలుస్తుంది. దాన్ని ఎప్పుడో ఎవరో ఫిక్స్ చేసిన నంబర్లతో లెక్కగట్టి, కండ ఇంత, కొవ్వు ఇంత అని చెబుతుంది. కోడ్ రాసేవాళ్ల భాషలో చెప్పాలంటే, అవి హార్డ్‌కోడ్ చేసిన కాన్‌స్టంట్లు. వెయిట్ ట్రైనింగ్ చేసేవాళ్లలో కదిలేది సరిగ్గా ఆ కాన్‌స్టంట్లే. ఇవాళ్టి కథంతా దీని గురించే.

మొదట బెల్జియం వెళ్దాం. అడాల్ఫ్ కెట్లే అని ఒకాయన ఉండేవారు. డాక్టర్ కాదు, ఖగోళ శాస్త్రవేత్త, గణాంకాల మనిషి. ఆ రోజుల్లో ఖగోళ శాస్త్రవేత్తలు ఒకే నక్షత్రాన్ని పదిసార్లు కొలిచి, వచ్చిన తేడాల్ని సగటుతో సర్దేవాళ్లు. అదే పద్ధతిని మనుషుల మీద వాడితే ఎలా ఉంటుందన్నది కెట్లే ఆలోచన. 1835లో వచ్చిన ఆయన పుస్తకంలో "సగటు మనిషి" అనే ఊహ కనిపిస్తుంది. ఆ పనిలో భాగంగానే ఆయన ఒకటి గమనించారు. పెద్దవాళ్లలో బరువు దాదాపుగా ఎత్తు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే బరువుని ఎత్తు వర్గంతో భాగిస్తే, పొట్టివాళ్లనీ పొడుగువాళ్లనీ ఒకే స్కేల్ మీద పెట్టి చూడొచ్చు.

ఇదే మన బీఎంఐ. కానీ కెట్లే అన్నది కొవ్వు గురించి కాదు, ఆరోగ్యం గురించి కూడా కాదు. ఆయనకి కావాల్సింది జనాభా మొత్తం లెక్క. బీఎంఐ అనే పేరు పెట్టింది అమెరికా శాస్త్రవేత్త ఆన్సెల్ కీస్, అది కూడా 1972లో. అంటే ఫార్ములా పుట్టిన 100 ఏళ్ల పైచిలుకు తర్వాత దానికి ఇప్పుడున్న పేరొచ్చింది.

ఇందులో కండకి చోటెక్కడ? లేదు. వీరఘట్టం కోడి రామ్మూర్తి నాయుడు గారి లాంటి మల్లయోధుడూ, రోజంతా కుర్చీలో కూర్చునే మనిషీ ఒకే ఎత్తు, ఒకే బరువు ఉన్నారనుకోండి, ఇద్దరికీ బీఎంఐ ఒకటే. 175 సెంటీమీటర్లు, 80 కిలోలు అయితే 26.1. ఆ 80 కిలోలు దేనితో తయారయ్యాయన్నది ఫార్ములాకి అనవసరం.

ఈలోగా అమెరికాలో ఇన్సూరెన్స్ కంపెనీలు రంగంలోకి దిగాయి. ఎవరు ఎంత కాలం బతుకుతారో ముందే అంచనా కట్టడం వాళ్ల వ్యాపారం. అందుకని ఎత్తు, బరువు పట్టికలు తయారు చేశారు. ఇంత ఎత్తుకి ఇంత బరువుండాలి, దాటితే ప్రీమియం ఎక్కువ. సైన్యం కూడా రిక్రూట్‌మెంట్‌లో ఎత్తు, బరువు పట్టికలే చూసేది. రెండో ప్రపంచ యుద్ధం మొదలయ్యేసరికి "లావు" అనే మాటకి అర్థం ఆ పట్టికే.

ఇక్కడ కథ మలుపు తిరుగుతుంది. తిప్పినాయన పేరు ఆల్బర్ట్ బెంకీ, అమెరికా నేవీలో డాక్టర్. ఆయన అసలు సబ్జెక్ట్ ఫిట్‌నెస్ కాదు, లోతు సముద్రంలోకి దిగే డైవర్లు. 1939లో స్క్వాలస్ అనే సబ్‌మెరైన్ మునిగిపోయినప్పుడు, అందులో చిక్కుకున్నవాళ్లని కాపాడే ఆపరేషన్‌లో ఆయనా ఉన్నారు.

డైవర్‌కీ కొవ్వుకీ ఏం సంబంధం? లోతుకి వెళ్లేకొద్దీ ప్రెషర్ పెరుగుతుంది. పీల్చే గాలిలోని నైట్రోజన్ శరీరంలో కరుగుతుంది. గబుక్కున పైకి వచ్చేస్తే అది బుడగలుగా మారుతుంది, సోడా సీసా మూత తీసినట్టు. ఒక్కోసారి ప్రాణమే పోతుంది. నైట్రోజన్ నీటిలో కన్నా కొవ్వులో దాదాపు 5 రెట్లు ఎక్కువ కరుగుతుంది. కాబట్టి డైవర్ ఒంట్లో కొవ్వెంత అనేది బెంకీకి ప్రాణాల లెక్క. బరువు పట్టిక దానికి జవాబు చెప్పలేదు.

అందుకని ఆయన ఆర్కిమెడీస్ దగ్గరికి వెళ్లారు. మనిషిని గాలిలో తూచి, మళ్లీ నీటిలో ముంచి తూచారు. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలిని లెక్కలోంచి తీసేశారు. రెండు బరువుల తేడా నుంచి శరీరం ఘనపరిమాణం వస్తుంది, దాని నుంచి సాంద్రత వస్తుంది. కొవ్వు తేలిక, నీటి మీద తేలుతుంది. మిగతా శరీరం బరువెక్కువ, మునుగుతుంది. కాబట్టి సాంద్రత ఎక్కువుంటే కొవ్వు తక్కువన్నట్టు.

1942లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ జర్నల్‌లో బెంకీ, ఆయన సహచరుడు వెల్హామ్ కలిసి ఒక పేపర్ వేశారు. 25 మంది ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ ఆటగాళ్లని పరీక్షించారు. మన ఫుట్‌బాల్ కాదు, హెల్మెట్ పెట్టుకుని ఒకర్నొకరు గుద్దుకునే అమెరికన్ ఫుట్‌బాల్. పట్టిక ప్రకారం ఆ 25 మందిలో 17 మంది ఓవర్‌వెయిట్. సైన్యానికి పనికిరారు, ఫస్ట్‌క్లాస్ ఇన్సూరెన్స్‌కీ పనికిరారు. నీటిలో ముంచి తూస్తే వాళ్లలో ఎక్కువమంది ఒంట్లో కొవ్వు తక్కువ. ఆ బరువు కండది.

ఆలోచించండి. దేశంలోనే బలమైన ఒళ్లున్న మనుషులకి కాగితం "అన్‌ఫిట్" అని స్టాంప్ వేసింది. బరువు వేరు, ఆ బరువు దేనితో తయారైందన్నది వేరు అని అంకెలతో చూపించిన తొలి పెద్ద రుజువు ఇది. బాడీ కాంపోజిషన్ అని ఇవాళ మనం అంటున్న సబ్జెక్ట్‌కి పునాది ఇదే.

సాంద్రత దొరికింది. దాన్ని కొవ్వు శాతంగా మార్చాలంటే ఫార్ములా కావాలి. అది ఇచ్చింది విలియం సిరి, కాలిఫోర్నియాలో బయోఫిజిసిస్ట్. ఈయన పర్వతారోహకుడు కూడా. 1954లో మకాలు శిఖరం ఎక్కడానికి వెళ్లిన అమెరికన్ టీమ్‌కి లీడర్, 1963 అమెరికన్ ఎవరెస్ట్ యాత్రకి డిప్యూటీ లీడర్. ఆయన ఫార్ములా సింపుల్. 495ని శరీర సాంద్రతతో భాగించి, అందులోంచి 450 తీసేయండి. వచ్చిందే మీ కొవ్వు శాతం.

చెక్ చేద్దాం. ఒళ్లంతా కొవ్వే అనుకుంటే సాంద్రత 0.9. 495ని 0.9తో భాగిస్తే 550, అందులో 450 పోతే 100 శాతం. కొవ్వే లేదనుకుంటే సాంద్రత 1.1. 495ని 1.1తో భాగిస్తే 450, తీసేస్తే సున్నా. చక్కగా సరిపోయింది.

మరి ఆ 1.1 ఎక్కడిది? అదే మన హార్డ్‌కోడ్. కొవ్వు తీసేస్తే మిగిలే శరీరం, అంటే కండ, ఎముక, నీరు, అవయవాలు అన్నీ కలిపి, ఎవరిలోనైనా ఒకే సాంద్రత ఉంటుందన్న ఊహ అది. అప్పటికి పూర్తిగా రసాయన విశ్లేషణ చేసిన మానవ దేహాలు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే. చాలా ఆధారాలు జంతువుల మీద చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి.

ఈ ఊహని గట్టిగా పరీక్షించింది మళ్లీ కెట్లే పనిచేసిన బ్రస్సెల్స్ నగరంలోనే. అక్కడి పరిశోధకులు 25 మృతదేహాల్ని పొరపొరగా విడదీసి, చర్మం, కొవ్వు, కండ, ఎముక విడివిడిగా తూచారు. 1984లో ఫలితాలు ప్రచురించారు. కొవ్వు పొరలు తీసేశాక మిగిలిన బరువులో కండ వాటా ఒకరిలో దాదాపు 42 శాతం ఉంటే ఇంకొకరిలో 59 శాతం దాకా ఉంది. ఎముక వాటాలోనూ పెద్ద తేడాలే. పాళ్లు అంత మారుతుంటే సాంద్రత మాత్రం అందరికీ 1.1 దగ్గర ఎలా ఆగుతుంది?

ఇప్పుడు వెయిట్ ట్రైనింగ్‌ని తీసుకొద్దాం. "కొవ్వు కన్నా కండ బరువెక్కువ" అని జిమ్‌లో అందరూ అంటారు. నిజమే, ఒక లీటర్ కొవ్వు 900 గ్రాములుంటే లీటర్ కండ దాదాపు 1060 గ్రాములు. కానీ ఆ 1.06ని మన 1.1తో పోల్చండి. తక్కువ! ఎముకలోని ఖనిజం సాంద్రత దాదాపు 3 కాబట్టి, అది కలిస్తేనే సగటు 1.1కి చేరుతుంది. వెయిట్స్ ఎత్తే మనిషిలో కండ చాలా పెరుగుతుంది. ఎముక కూడా గట్టిపడుతుంది గానీ అదే పాళ్లలో కాదు. దాంతో సగటు సాంద్రత 1.1 కన్నా కిందికి జారుతుంది.

దీన్ని 1996లో అమెరికాలోని జార్జియా యూనివర్సిటీ పరిశోధకులు కొలిచి చూపించారు. బాగా కండ పెంచిన వెయిట్ ట్రైనర్లని, ట్రైనింగ్ చేయనివాళ్లని పక్కపక్కన పెట్టి, సాంద్రత, నీరు, ఖనిజం విడివిడిగా కొలిచారు. ట్రైనింగ్ లేనివాళ్లలో కొవ్వు కాని శరీరం సాంద్రత 1.099. ఫార్ములా ఊహకి అతికినట్టు సరిపోయింది. వెయిట్ ట్రైనర్లలో 1.089.

పాయింట్ తర్వాత రెండో స్థానంలో తేడా, అంతేగా అనిపిస్తుంది. సిరి ఫార్ములాలో వేసి చూద్దాం. ఒంట్లో నిజంగా 15 శాతమే కొవ్వున్న వెయిట్ ట్రైనర్‌కి ఆ 1.089తో లెక్క కడితే ఫార్ములా దాదాపు 19 శాతం అంటుంది. 80 కిలోల మనిషికి 3 కిలోల లేని కొవ్వు వచ్చి చేరిందన్నమాట! కండ పెంచినందుకు కొవ్వు బిల్లు వేసింది. 1942లో బరువు పట్టిక ఏ తప్పు చేసిందో, దాన్ని సరిదిద్దడానికి వచ్చిన పద్ధతి కూడా అలాంటి మనుషుల దగ్గరే కొంచెం తడబడింది.

సరే, జిమ్‌లో మనల్నెవరూ నీటిలో ముంచరు కదా. అక్కడ జరిగేది వేరు. ఆ హ్యాండిళ్ల నుంచి ఒంట్లోకి చిన్న కరెంట్ పంపుతారు. మనకి తెలియనంత చిన్నది, ఆంపియర్‌లో వెయ్యో వంతు కన్నా తక్కువ. నీరు, లవణాలు ఉన్న కండలో కరెంట్ తేలిగ్గా పోతుంది, కొవ్వులో పోదు. ఎంత అడ్డంకి వచ్చిందో చూసి ఒంట్లో నీరెంతో అంచనా వేస్తారు. 1960ల్లో ఫ్రాన్స్, అమెరికా పరిశోధకులు ఈ పద్ధతికి దారి వేశారు. 1990లు వచ్చేసరికి జపాన్, కొరియా కంపెనీలు దాన్ని నిలబడి తూచుకునే మిషన్లుగా మార్చి ప్రపంచమంతా అమ్మాయి.

అంటే మిషన్‌కి తెలిసేది కరెంట్‌కి వచ్చిన అడ్డంకి, అంతే. దాన్నుంచి నీరు, నీటి నుంచి కండ, మిగిలింది కొవ్వు. ఇక్కడ ఇంకో హార్డ్‌కోడ్ దాక్కుని ఉంది. కొవ్వు కాని శరీరంలో 73 శాతం నీరుంటుందన్న ఊహ. 1945లో నెల్లో పేస్, ఎడిత్ రాత్‌బన్ అనే ఇద్దరు పరిశోధకులు గినీ పందుల వంటి జంతువుల లెక్కల నుంచి తేల్చిన అంకె అది. ఇప్పటి మిషన్లు వయసు, ఎత్తు, ఆడా మగా అనేవి కూడా కలిపి రకరకాల ఈక్వేషన్లు వాడతాయి. పునాది మాత్రం నీరే.

మరి వెయిట్ ట్రైనింగ్ నీటిని ఏం చేస్తుంది? చాలానే చేస్తుంది. కండలో ఇంధనం గ్లైకోజెన్ రూపంలో దాచుకుంటాం. ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో పాటు దాదాపు 3 గ్రాముల నీరు కండలోకి చేరుతుంది. రెండు రోజులు అన్నం మానేసి మిషన్ ఎక్కితే ఒక లెక్క, ఆదివారం బిర్యానీ తిని సోమవారం ఎక్కితే ఇంకో లెక్క. క్రియేటిన్ వాడేవాళ్లకి మొదటి వారాల్లో నీరు ఇంకాస్త చేరుతుంది.

దీన్ని కూడా లెక్కవేసి చూద్దాం. ఒంట్లోకి ఒక లీటర్ నీరు కొత్తగా చేరింది, అది మిషన్‌కి సరిగ్గా దొరికిందనుకుందాం. 1ని 0.73తో భాగిస్తే 1.37. అంటే కొవ్వు కాని బరువు 1.37 కిలోలు పెరిగిందని మిషన్ అంటుంది. బరువు పెరిగింది మాత్రం ఒక్క కిలోనే. మిగతా 0.37 కిలోలు ఎక్కడ సర్దాలి? కొవ్వులోంచి తీసేస్తుంది! మీరు నీళ్లు నింపుకున్నారు, కాగితమేమో "కండ పెరిగింది, కొవ్వు తగ్గింది, కంగ్రాట్స్" అంటోంది. ఒక లీటర్ తగ్గితే ఇదే లెక్క తిరగబడుతుంది. చెమట పట్టి, నీళ్లు తాగక ఎక్కారనుకోండి, కొత్తగా కొవ్వు పుట్టినట్టు చూపిస్తుంది. వేడెక్కిన చర్మం, అప్పుడే చేసిన వర్కౌట్ కూడా కరెంట్ దారిని మారుస్తాయి. మొదట్లో చెప్పిన ఆ "కొవ్వు కూడా పెరిగింది" ప్రింటౌట్‌లో ఇలాంటి నీటి ఆట ఎంతుందో ఆ కాగితం చూసి ఎవరూ చెప్పలేరు.

ఇంకో సంగతి. మొదటి నెలలో నిజంగా కండ ఎంత పెరుగుతుంది? 1979లో మోరిటాని, డెవ్రీస్ అనే ఇద్దరు చూపించిందేంటంటే, మొదటి కొన్ని వారాల్లో బలం పెరగడానికి ముఖ్య కారణం కండ కాదు, నరాలు. ఉన్న కండనే మెదడు ఇంకా బాగా వాడుకోవడం నేర్చుకుంటుంది. 2016లో బ్రెజిల్ పరిశోధకులు స్కానింగ్‌తో చూస్తే, మొదటి వారాల్లో కనిపించే కండ పెరుగుదలలో చాలా భాగం కొత్త వ్యాయామం వల్ల వచ్చిన వాపు. అసలు పెరుగుదల 10 వారాలకి కనిపించింది. కాబట్టి మొదటి నెల ప్రింటౌట్‌లో 2 కిలోల కండ వచ్చిందంటే పొంగిపోకండి, రాలేదంటే కుంగిపోకండి.

మరి డెక్సా స్కాన్? రెండు రకాల ఎక్స్‌రేలతో చేసేది. ఎముకల సాంద్రత చూడటానికి 1980ల చివర్లో ఆస్పత్రులకి వచ్చింది. జిమ్ మిషన్ కన్నా మెరుగు. కానీ అది కూడా నీటిని "లీన్" అనే ఖాతాలోనే వేస్తుంది. లీన్ అంటే కండ ఒక్కటే కాదు, కాలేయం, గుండె, రక్తం, నీరు అన్నీ.

ఇదంతా విని "ఓకే, నా బీఎంఐ ఎక్కువైనా అది కండే" అని సెటిలైపోవద్దు. మన వాళ్ల విషయంలో కథ ఎక్కువగా రెండో వైపు నడుస్తుంది. పుణె డాక్టర్ చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ డాక్టర్ జాన్ యుడ్కిన్ కలిసి 2004లో లాన్సెట్ జర్నల్‌లో తమ ఫొటో తామే వేసుకున్నారు. ఇద్దరి బీఎంఐ 22.3. డెక్సాలో యుడ్కిన్ కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ కొవ్వు 21.2 శాతం. పైకి సన్నం, లోపల కొవ్వు. మన దేశంలో చాలామంది ఒంటి తీరు ఇదే. షుగర్ మనకి తక్కువ బరువులోనే, చిన్న వయసులోనే రావడానికి ఇదొక కారణం. ఆసియా వాళ్లకి 23 దగ్గరే జాగ్రత్త మొదలవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణుల బృందం అదే 2004లో చెప్పింది.

అంటే బీఎంఐ రెండు వైపులా తప్పుతుంది. కండ ఉన్నవాడిని లావంటుంది, కండ లేని సన్నటివాడిని ఫిట్ అంటుంది. మనలో ఎక్కువమంది రెండో రకం. అందుకే మనకి వెయిట్ ట్రైనింగ్ అద్దం ముందు ఫొటో కోసం చేసే షోకు కాదు. రక్తంలోని చక్కెరని ఎక్కువగా వాడుకునేది కండే. మొదటి నెల ప్రింటౌట్ చూసి ఒకరు జిమ్ మానేశారంటే, తప్పు లెక్క నమ్మి అసలు మందు వదిలేసినట్టే.

మరి ఏం చేయాలి? ఒకే మిషన్ వాడండి. పొద్దున్నే, ఏమీ తినకముందు, బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, వర్కౌట్‌కి ముందు ఎక్కండి. ఒక్క రీడింగ్‌కి విలువ లేదు, మూడు నాలుగు నెలల ట్రెండ్‌కి ఉంది. పక్కన ఒక టేప్ పెట్టుకుని నడుము కొలవండి. మన దేశంలో మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటితే జాగ్రత్త పడాలి. ఎంత బరువు ఎన్నిసార్లు ఎత్తారో ఫోన్‌లో నోట్ చేసుకోండి. నడుము తగ్గుతూ, ఎత్తే బరువు పెరుగుతూ ఉంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు, కాగితం ఏమన్నా సరే.

ఆ 17 మంది ఆటగాళ్లని అన్‌ఫిట్ అన్నది పట్టిక, మైదానం కాదు. ఈసారి ఇంట్లో ఎవరైనా మీ ప్రింటౌట్ పట్టుకుని క్లాస్ పీకితే, ఈ ఎపిసోడ్ వాళ్లకి వినిపించండి. తర్వాత జిమ్‌కి వెళ్లండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.